లెక్కకు మించిన మూడు పెట్టెలు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక జనవరిలో, అమెరికాలోని జార్జియాలో మూతపడిన అణువిద్యుత్ కేంద్రానికి నన్ను వ్యర్థాల విభాగం లీడ్ ఇంజనీరుగా వేశారు. కేంద్రాన్ని విప్పేటప్పుడు వచ్చే తక్కువ స్థాయి రేడియోధార్మిక చెత్తను తీవ్రతను బట్టి ఎ, బి, సి తరగతులుగా విడదీయడం, ఎన్ని ఇనుప పెట్టెలు పాతిపెట్టాలో ముందుగా చెప్పడం మా పని. రియాక్టరు గదుల్లోకి వెళ్ళిన గ్లవ్ అయినా, కాగితమైనా చెత్తగానే బయటికొస్తుంది. అదంతా ఎ తరగతి, అన్నిటికన్నా తక్కువ తీవ్రత గలది.

అంచనా వేసింది శిరీష. నా కింద పనిచేసే ఇంజనీరు, హెచ్-1బి వీసా మీద ఉన్న పిల్ల. ఆ ఏడాదికి ఎ తరగతి నలభై పెట్టెలంది. డిసెంబరుకల్లా నలభై మూడు నిండాయి. మేనేజరుకు ఒళ్ళు మండింది. తప్పు లెక్క ఎవరిదో రిపోర్టులో పేరుపెట్టి రాయమన్నాడు. రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది. అరవై రోజుల్లో మరొకటి దొరక్కపోతే దేశం వదలాలి.

మీటింగుల్లో నన్ను సార్ అని పిలిచే పిల్ల ఆ సాయంత్రం పార్కింగ్‌లో, “అంకుల్, మూడుసార్లు చెక్ చేశాను. నా ఎస్టిమేట్ కరెక్టే. మీరైనా నమ్మండి,” అంది. నా ప్రాణం ఉసూరుమంది.

ప్రతి చెత్త సంచికీ చీటీ ఉంటుంది: ఎవరు, ఏ పనిమీద లోపలికి వెళ్ళారని. ఇద్దరం రెండు రోజులు ఆ రికార్డులు తిరగేశాం. పైపులు కోసినవాళ్ళ చెత్త ఆమె లెక్కకు సరిగ్గా సరిపోయింది. మిగతా మూడు పెట్టెల చీటీల నిండా ఒకటే పని: చెత్త తగ్గింపు కమిటీ తనిఖీ! వారం వారం తొమ్మిదిమంది పెద్దలు. తలా ఒక ఒంటి తొడుగు, రెండు జతల గ్లవ్‌లు, కాళ్ళ తొడుగులు. పైగా చెత్త తగ్గించడం ఎలాగో వివరించే లావుపాటి ఫైలు, తలా ఒక కాపీ.

“అంకుల్, మీ పేరు కూడా ఉంది,” అంది మెల్లగా.

ఉండదూ మరి? ఒక్క వారం కూడా మానలేదు నేను. సిగ్గుతో చచ్చాను.

రిపోర్టులో తొమ్మిది పేర్లు రాశాను, మొదట నాది. మేనేజరు చదివి, చాలాసేపు గడ్డం గోక్కుని, ఈ విషయం స్వయంగా నిర్ధారించుకోవడానికి కమిటీని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాడు. శిరీష ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆమె తర్వాతి అంచనాలో కమిటీకంటూ ఒక వరుస కేటాయించింది, నన్ను అడక్కుండానే.

నేను నేర్చుకున్నది ఇంతే: చెత్తను కొలవడానికి వెళ్ళేవాడు తననూ ఆ కొలతలో కలుపుకోవాలి.