వసంతక్క చేతిగొడ్డలి

మొన్న మా వీధి రోడ్డుకు కంకర పోశారు. సాయంత్రం జల్లు పడేసరికి తడిరాళ్ల వాసన వరండాలోకి వచ్చింది. టీ చల్లారిపోతున్నా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు వసంతక్క గుర్తొస్తుంది.

నేను గోదావరిఖనిలో నర్సుగా చేరిన కొత్తలో ఆమె మా పక్క క్వార్టరులో ఉండేది. బడిలో డ్రాయింగ్ టీచరు. భర్త బొగ్గుగనిలో పనిచేసేవాడు. మాది గుంటూరు వైపు కావడంతో ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు లేరు. డ్యూటీ అయ్యాక తలుపు వేసుకుని కూర్చునే నన్ను ఒక ఆదివారం ఆమే కమాన్‌పూర్ బస్సెక్కించి, చేలగట్ల వెంట నడిపిస్తూ నేల మీది రాళ్లు చూడమంది. ఆమె ముందుగదిలో అద్దాల బీరువా నిండా రాళ్లే. ఇనుమూ రాగీ తెలియని కాలంలో మనుషులు కొమ్మలు నరకడానికీ, మాంసం కోయడానికీ చెక్కుకున్న పనిముట్లని చెప్పేది.

ఆ రోజే నాకు కోసుగా ఉన్న రాయి ఒకటి దొరికింది. అరచేతిలో భలే ఇమిడిందని సంబరంగా చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, నాగలి తగిలి విరిగిన మామూలు రాయని తేల్చింది. నా ముఖం చిన్నబోవడం చూసి గట్టు మీద కూర్చోబెట్టింది.

“తిప్పంగ తిప్పంగ ఏ రాయైనా చేతిల కుదురుతది. దెబ్బలెక్కడ పడ్డయో చూడు,” అంది.

సంచిలోంచి మొరటు రాయి ఒకటి తీసి చూపించింది. పెచ్చు లేచిన ప్రతిచోటా గిన్నెలాంటి చిన్న గుంట. ఆ గుంటలు రెండు వైపుల నుంచీ వరుసగా వచ్చి ఒకే అంచు దగ్గర కలుస్తున్నాయి. రాయంతా ఒకే రంగుకు మాగిపోయింది. కొత్తగా విరిగితే లోపలి తెలుపు బయటపడుతుందని చెప్పింది. ఆ తరువాత చాలా ఆదివారాలు మేమిద్దరం అలాగే తిరిగాం. ఊరు నాకు కొత్తగా అనిపించడం మానేసింది.

బీరువా నడిమి అరలో బాదంగింజ ఆకారంలో ఒక చేతిగొడ్డలి, అంటే పిడి లేకుండా గుప్పిట పట్టి వాడే రాతి పనిముట్టు, ఉండేది. గోదావరి ఒడ్డున ఆమెకు దొరికిన మొదటి రాయి అదే. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేది. ఒక వేసవిలో రాళ్లన్నీ తీసి తుడుస్తూ, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఒంటినిండా ఏటినీటి నునుపు. ఒకవైపు మాత్రమే పెచ్చులు లేచాయి, అవీ తెల్లగా, పదునుగా ఉన్నాయి. నా చెయ్యి ఆగిపోయింది. చెప్పకపోతే ఏం పోయిందనిపించింది. ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. కానీ ఏమైందని ఆమే అడిగింది. ఆమె నేర్పిన కళ్లతో చూసి అబద్ధం ఆడలేక, అది మనిషి చెక్కింది కాదు, ఏటిరాయే ఈమధ్య విరిగిందని చెప్పేశాను.

వసంతక్క దాన్ని పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. పొద్దుటి షిఫ్టు నుంచి భర్త వచ్చేదాకా ఎండలో తిప్పి తిప్పి చూస్తూనే ఉంది. నేను గుమ్మంలో బిక్కచచ్చి నిలబడ్డాను. చివరికి నవ్వింది.

“నిజమే చెల్లె. ఇన్నేండ్లు దీన్ని ఇష్టంగ చూసిన గని, సక్కగ చూడలే.”

ఆ రాయిని ఆమె పారేయలేదు. అసలైన చేతిగొడ్డలితో పాటు బడికి తీసుకెళ్లి, రెండూ పిల్లల చేతికిచ్చి, మనిషి చెక్కింది ఏదో కనిపెట్టమంది. పిల్లలు వాదించుకుంటుంటే వెనక బెంచీ మీద కూర్చుని మురిసిపోయిందట. ఆ ముచ్చట ఇంటికొచ్చి నాకు చాలాసేపు చెప్పింది.

భర్త రిటైరయ్యాక వాళ్లు నస్పూర్ వెళ్లిపోయారు. రాళ్లన్నీ బడికే ఇచ్చింది. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు దవాఖానలో కొత్తగా చేరిన నర్సు ఎవరైనా భయపడుతూ వచ్చి, నేను చూసిన పేషెంటునే మరోసారి చూడమంటే నాకు కోపం రాదు. ఆ అమ్మాయితో కలిసి మంచం దగ్గరికి వెళ్తాను. ఒక్కోసారి ఆ అమ్మాయి మాటే నిజమవుతుంది. అలాంటి రోజున మనసు తేలికై ఇంటికి నడిచి వస్తాను.