రుక్మణి టీచరు సరే అన్న వాక్యం

రుక్మణి టీచరు దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ఒక షరతుంది. పుస్తకంలో ఉన్న వాక్యం అప్పజెబితే ఆవిడ చెవిన పెట్టదు. ఏ మాట నేర్చుకున్నా, ఊళ్లో నువ్వు కళ్లారా చూసినదాని మీద పెట్టి చెప్పాలి. "చూడనిదానికి నోట్లో మాట ఎందుకు?" అంటుంది. ఈ మొండితనం భరించలేక మానేసినవాళ్లూ ఉన్నారు. ఆవిడ ఖాతరు చేస్తేగా! బడి నుంచి రిటైరయ్యాక కూడా తమిళనాట తెలుగువాళ్లు ఉండే రాజపాళయంలోని తన ఇంటి వసారాలో సాయంత్రాలు మిల్లు పనివాళ్లకు పాఠాలు చెబుతూనే ఉంది.

అంతటి మనిషీ భర్త ముందు నోట్లో నాలుక లేనట్టే ఉండేది. కృష్ణసామి రాజా చెడ్డవాడని ఎవరూ అనరు. మాట తప్పడు, పరుల సొమ్ముకు ఆశపడడు. ఆయన ప్రాణమంతా పెరట్లో పెంచే తెల్లని వేటకుక్కల మీదే. రాజపాళయం కుక్క కావాలంటే ఆ ఇంటికే వెళ్లాలని మధురై దాకా పేరు. అయితే ఆ కుక్కలకు అప్పుడప్పుడు చెవిటి పిల్ల పుట్టేది. అది కొనేవాళ్ల కంటపడితే జాతికే మచ్చ అని ఆయన భయం. గోనెసంచిలో పెట్టి మూతి కట్టి నీళ్లతొట్టిలో ముంచేసేవాడు. ఆయన తండ్రి చేసిందీ అదే. అలాంటి రోజున రుక్మణి వంటింటి కిటికీ మూసుకునేది. అంతకు మించి నోరు మెదిపేది కాదు.

ఈసారి పుట్టిన పిల్లల్లోనూ అలాంటిది ఒకటి తేలింది. గిన్నె మీద గరిటెతో కొడితే మిగతావన్నీ తల తిప్పాయి, అది మాత్రం తిప్పలేదు. మర్నాడు పొద్దున్నే మధురై నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. సంచి అప్పటికే తొట్టి పక్కకు చేరింది.

ఆ సాయంత్రం పాఠంలో వచ్చిన మాట 'బ్రూటల్'.

"పులి బ్రూటల్, మిస్" అన్నాడు స్పిన్నింగ్ మిల్లు శక్తివేల్.

"పులిని నువ్వు ఎక్కడ చూసినావు?" అంది రుక్మణి. "చూసినా అది తప్పే. పులికి ఆకలి, అందుకని చంపుతుంది. దానికి ఈ మాట పెట్టకూడదు. క్రూయల్ అంటే నొప్పి తెలిసీ చేసేది. బ్రూటల్ అంతకన్నా పెద్దది. తిరిగి కొట్టలేనిదాన్ని పట్టుకొని, అది తన్నుకుంటా ఉన్నా చెయ్యి ఆపకుండా చేసేది. ఊరికే వాడే మాట కాదు ఇది."

వెనక కూర్చున్న జీవిత లేచి నిలబడింది. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల. బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో పని. పొద్దున పూట ఈ ఇంట్లోనే కుక్కల కొట్టం కడుగుతుంది. ముందు ఇంగ్లీషులో చెప్పింది, తర్వాత ఎవరికీ అనుమానం మిగలకుండా తెలుగులోనూ చెప్పింది.

"చెవిటి కుక్కపిల్లను నీళ్లలో ముంచేది బ్రూటల్, మిస్. నేను చూసినాను."

వసారా చివర కుర్చీలో కృష్ణసామి చదువుతున్న పేపరు ఒళ్లోకి దిగింది.

"రుక్మణీ, ఆ పిల్ల చెప్పినది సరియా?"

రుక్మణి జీవిత వైపు చూసింది. తప్పంటే ఆ పూటకు ఇల్లు చల్లగా ఉంటుంది. కానీ చూసిందే చెప్పమని కూర్చోబెట్టింది తనే. నిజం చెప్పిన పిల్లను తప్పని కూర్చోమంటే తన చదువెందుకు, కాల్చనా!

"సరే" అంది. "మాట సరిగ్గా పెట్టింది. ఇన్నేండ్లూ నేను పెట్టలేదు, అంతే."

పాఠం అక్కడే ఆపి పెరట్లోకి వెళ్లి, ఆ కుక్కపిల్లను కొంగులో వేసుకుని వచ్చింది. "ఇది నాది. నేను పెంచుకుంటాను."

"రేపు వచ్చేవాళ్లు చూస్తే మన కుక్కల పేరు ఏమైతుంది?"

"పోతే పోనీండి. వాళ్లు చూసేదాకా ఎందుకు, నేనే చెప్తాను."

అన్నంత పనీ చేసింది. పొద్దున జీవిత భయపడుతూ గేటు దగ్గరే నిలబడితే, చెయ్యి పట్టి లోపలికి తెచ్చి కాఫీ ఇచ్చింది. కొనేవాళ్లు వచ్చాక కుక్కపిల్లను చంకనేసుకుని వాళ్ల ముందుకు వెళ్లి, ఇదీ ఈ తల్లి పిల్లే, దీనికి చెవుడు, తెలుసుకుని కొనండి అని తమిళంలో చెప్పేసింది. భర్త తల వంచుకున్నా ఆవిడ గొంతు వణకలేదు. గుండె నిబ్బరమంటే అదీ! వాళ్లు కాఫీ తాగి, ఒక్కదాన్నీ కొనకుండా కారెక్కి పోయారు.

కృష్ణసామి ఆ రోజంతా పెరట్లోనే గడిపాడు. సాయంత్రం పెరటి గడప మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆ కుక్కపిల్ల కాస్త దూరంలో అటు తిరిగి పడుకుంది. పిలిచాడు. ఈల వేశాడు. చలనం లేదు. ఒళ్లు మండి కాలితో నేల మీద దబ్బున తన్నాడు. పిల్ల ఉలిక్కిపడి లేచి, ఇటు తిరిగి, తడబడుతూ ఆయన దగ్గరికి వచ్చేసింది.

"వినిందే" అన్నాడు.

"వినలేదు" అంది గుమ్మంలో ఉన్న రుక్మణి. "నేల అదిరితే దానికి తెలుస్తుంది."

దాన్ని ఎత్తి దూరంగా దింపి వచ్చాడు. ఈసారి మెల్లగా తట్టాడు. మళ్లీ వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన కాలు కదపలేదు. నీళ్లతొట్టి వైపు చూశాడు.

"తట్టి పిలిచుంటే, అవన్నీ కూడా వచ్చుండునా రుక్మణీ?"

రుక్మణి వచ్చి పక్కన కూర్చుంది.

"వచ్చుండును" అంది.