సొంతంగా కుట్టిన చొక్కా ఖరీదు

పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన స్టోర్స్ గుమాస్తా. పాతికేళ్ళుగా బోల్టులూ వాషర్లూ లెక్కపెట్టి ఇవ్వడమే పని. చీపురుకట్ట కొనాలన్నా మూడు చోట్ల ధర అడగనిదే జేబులోంచి చెయ్యి బయటికి తియ్యడని తోటివాళ్ళు ఆయనకి 'కొటేషన్' అని పేరు పెట్టారు. మొదట్లో నొచ్చుకున్నా, రానురాను దాన్ని బిరుదులాగే మోశాడు.

ఒక ఆదివారం బట్టల షాపులో ఆయనకి చారల చొక్కా ఒకటి నచ్చింది. చీటీ చూస్తే పద్నాలుగు వందలు. కొటేషన్ దాన్ని తిరగేసి, లోపలి కుట్లు చూసి, పెదవి విరిచాడు.

"ఇందులో ఏముందని? రెండుంపావు మీటర్ల బట్ట, ఏడు గుండీలు, కాస్త దారం. మహా అయితే ఐదువందల అరవై."

భార్య బడిలో లెక్కల టీచరు. "మరి కుట్టే మనిషో?" అంది.

"నేను లేనూ?"

ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వే కొంప ముంచింది. వారం తిరక్కుండా ఆయన ఆరువేలు పోసి ఒక పాత కుట్టుమిషను ఇంటికి తెచ్చాడు. ఎనిమిదో చొక్కాతో దాని ఖరీదు తీరిపోతుందనీ, తొమ్మిదో దాన్నుంచి అంతా మిగులేననీ కాగితం మీద తేల్చేశాడు. 'సొంత శ్రమ' అన్నచోట గర్వంగా సున్నా చుట్టాడు.

కిటికీ పక్కన మిషను పెట్టుకుని మొదటి ఆదివారమంతా సూదిలో దారం ఎక్కించడంతోనే సరిపెట్టాడు. రెండో వారం వంటింటి కత్తెరతో బట్ట కొయ్యబోతే అది కోసినట్టు కాక కొరికినట్టు తెగింది. నాలుగువందల యాభై పెట్టి అసలైన కత్తెర కొన్నాడు. దాంతో బట్ట ఎంత బాగా తెగిందంటే, తప్పు కూడా క్షణంలో తెగిపోయింది. ముందువైపు రెండు ముక్కలూ ఎడమ పక్కవే కత్తిరించాడు!

"రెండు ఎడమలు కలిపితే ఒక కుడి అవుతుందేమో చూడండి," అంది టీచరుగారు.

మళ్ళీ మీటరుంపావు బట్ట తెచ్చాడు. నాలుగు సూదులు విరిగాయి, మిషను బెల్టు తెగింది. కాలరు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసి, ఎవరూ చూడకుండా వీధి చివరి టైలరు దగ్గరికి పోయాడు. టైలరు ఆ కాలరుని అటూ ఇటూ తిప్పి, "ఇది చొక్కా చెయ్యేమో అనుకున్నానండీ," అన్నాడు. కానీ మంచివాడు. కూర్చోబెట్టి ఎలా తిప్పి కుట్టాలో చూపించాడు.

ఐదో ఆదివారానికి చొక్కా పూర్తయింది. సోమవారం వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఎడమ భుజం అంగుళం పైకి లేచి ఉంది. చొక్కా తనకి సరిపోలేదు కాబట్టి, తనే చొక్కాకి సరిపోదామని పొద్దుటినుంచీ కుడి భుజం ఎగరేసుకుని తిరిగాడు. మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఆగి, "ఒంట్లో ఎలా ఉంది? ఆస్పత్రినుంచి ఇటే వచ్చేశారా?" అని నిజంగానే కంగారుపడ్డాడు.

ఆ సాయంత్రం భార్య కాగితం లాక్కుంది. రెండుసార్లు బట్ట, కత్తెర, సూదులు, బెల్టు, కాలరులో పెట్టే గట్టిగుడ్డ అన్నీ కలిపితే పదిహేనువందల ఇరవై. సున్నా కొట్టేసి, ముప్పై గంటలకి ఆయన జీతం లెక్కన ఇంకో ఆరువేలు వేసింది.

"ఏడువేల ఐదువందల ఇరవై. మిషను కలపకుండా. ఈ డబ్బుకి షాపువాడు చొక్కాతో పాటు దాన్ని తొడుక్కున్న బొమ్మని కూడా ఇచ్చేవాడు."

కొటేషన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆపైన ఆయనే ఈ కథని స్టోర్స్‌కి వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకొకళ్ళు చెబితే ఇంతకంటే ఘోరంగా చెబుతారని ఆయన భయం. మిషను అమ్మేద్దామనుకుని అడిగితే మూడు చోట్లా మూడువేలు దాటలేదు.

ఆ వారంలోనే అక్క ఫోను చేసింది. అమ్మ ఆవిడ దగ్గరే ఉంటుంది.

"అమ్మకి భుజం పట్టేసిందిరా. చెయ్యి పైకి లేవట్లేదు. తలమీంచి గౌను వేస్తుంటే నొప్పికి ఏడ్చేస్తోంది. ముందువైపు కిందిదాకా తెరుచుకునేది ఏ షాపులోనూ దొరకలేదు. టైలర్ని అడిగితే రెండు వారాలన్నాడు."

ఆయన వెంటనే అక్కింటికి పోయి అమ్మ పాత గౌను తెచ్చుకున్నాడు. మెత్తటి నూలుబట్ట మూడు మీటర్లు కొన్నాడు. ధర ఒక్కచోటే అడిగాడు. ఈసారి కత్తిరించేముందు భార్యని పిలిచి, ఏది కుడో ఏది ఎడమో సుద్దతో రాయించుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. పక్కనే కూర్చుని ముందువైపు పొడుగునా టిచ్ బటన్లు కుట్టిపెట్టింది. భుజం దగ్గర కుట్టు రెండుసార్లు విప్పాడు. మూడోసారి కుదిరింది. అక్కడ చెయ్యి ఎత్తకుండానే దూరేంత వెడల్పు ఉంచాడు. కింద అంచు మాత్రం ఎంత సరిచేసినా వంకరే పోయింది.

ఆదివారం అక్కింట్లో అమ్మకి ఆ గౌను తొడిగారు. చెయ్యి కదపకుండానే పని అయిపోయింది. ఒళ్ళో పడిన అంచుని అమ్మ వేళ్ళతో తడిమి చూసింది.

"ఏ షాపులో కొన్నావురా?"

అక్క నోరు తెరవబోతే ఆయన కళ్ళతోనే ఆపాడు. "బజార్లోనేనమ్మా."

"ఎంత పెట్టావు?"

"రెండువందల నలభై."

"నిన్ను బాగా మోసం చేశారు. అంచు చూడు, పాము పాకినట్టుంది. కొనేముందు తిరగేసి చూసుకోవద్దూ?"

"తొందర్లో చూసుకోలేదమ్మా," అన్నాడు కొటేషన్, తల దించుకుని.

"సర్లే. వేసుకోడానికి మాత్రం హాయిగా ఉంది." అమ్మ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "వాడి దగ్గర ఉంటే ఇంకో రెండు తీసుకురా. కాస్త బేరమాడు."