అవతలి వైపుకు మాట

ఇది ఎవరికీ చెప్పలేదు. మనసులో చదువుకునేటప్పుడు కూడా నా పెదవులు కదులుతాయి. నిన్న జగిత్యాల బస్సులో కథ చదువుతుంటే ఎదుటి సీటు పాప నా నోటినే చూసి నవ్వింది. కొత్త చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ గంజి వాసనకు, రోజూ గంజి పెట్టిన చీరే కట్టుకొచ్చే సుజాత మేడం గుర్తొచ్చారు.

కోరుట్లలో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు ఫిజిక్స్ చెప్పేవారు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాల మధ్య. ఆ మరమగ్గాల మోత ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగానికి పైగా తినేసింది. ఆ మోతలో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారట. ఒకరోజు వెనక బెంచీలో పాఠం వదిలేసి నవల చదువుతున్నాను.

"గా పిల్ల మళ్ల ఏడుస్తున్నదా?" అన్నారు మేడం బోర్డు దగ్గరి నుంచి. నేను చదువుతున్న పేజీలో నవల్లోని అమ్మాయి ఏడుస్తోంది! చప్పున పెదవులు మూసుకున్నాను.

"నువ్వు సదివేదంత నాకు ఇనవడుతది పిల్లా. ముందుకొచ్చి కూసో."

ఆ రోజు పాఠం చంద్రుడి అవతలి వైపు గురించి. అక్కడ దిగిన నౌకకు భూమి కనిపించదు. చంద్రుడే అడ్డం. అందుకని రెండింటికీ కనిపించే చోట ఒక ఉపగ్రహాన్ని ఉంచుతారు. ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించడమే దాని పని. "సొంతంగ ఒక్క ముక్క కలపది, ఒక్క ముక్క మింగది," అన్నారామె. మర్నాటి నుంచి నన్ను గోడవారన పక్కకు తిప్పి కూర్చోబెట్టారు. ముందువాళ్ళ తలలు అడ్డమై ముఖం కనిపించని వాళ్ళ ప్రశ్నలను నేను పెదవులతో ఆమెకు అందించాలి. గొంతు అక్కర్లేదు. నోరు విప్పాలంటే వణికే నాకు అంతకన్నా ఏం కావాలి? "ఏమే ఉపగ్రహం, జీతమెంతనే?" అని నా స్నేహితురాలు పద్మ ఏడిపించేది.

రెండో ఏడాది చివర్లో, జగిత్యాలలో చెవి డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నారు. డాక్టరు మాస్కు తీయలేదు. మేడం చూపు నా పెదవుల మీదికి తిరిగింది.

"ఉన్న కొంచెం వినికిడి కూడా తొందర్లోనే పోతుందమ్మా," అన్నాడాయన నాతో. "ఇప్పుడే ఆమెకు చెప్పకు. ఇంట్లో వాళ్ళను తీసుకురా."

నా పెదవులు బిగుసుకుపోయాయి.

"ఏమంటున్నడు?"

మింగేయవచ్చు. మింగితే రేపటి నుంచి ఆమె ఎవరి ముఖం చూసి నమ్మాలి? 'చెప్పకు' అన్న మాటతో సహా అంతా అందించాను. డాక్టరు గుడ్లప్పగించి చూశాడు. మేడం తల ఊపి లేచారు.

బస్టాండుకు వచ్చాక ఆమె సిరిసిల్ల బస్సు దగ్గరికి నడిచారు, అక్కడున్న తన అక్క ఇంటికి వెళ్ళడానికి. ఆ తరువాత ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోయారు. మళ్ళీ నేను ఆమెను చూడలేదు. ఆ రోజు మాత్రం బస్సు మెట్టు మీద ఆగి, కాస్త వినిపించే చెవిని నా వైపు తిప్పారు.

"ఇన్ని దినాలు నీ పెదాలే చూసిన బిడ్డా. గొంతు ఎట్లుంటదో ఎర్కలేదు. ఇది పోకముందే ఒక్కసారి పిలువు."

రెండేళ్ళు రోజూ మాట్లాడాననుకున్న మనిషికి నా గొంతే తెలియదు!

"మేడం!" అని అరిచాను. బస్టాండంతా వెనక్కి తిరిగింది. అది నా కేకేనంటే నేను ఇప్పటికీ నమ్మలేను. ఆమె ఉలిక్కిపడి, చెవి రుద్దుకుంటూ అన్నారు:

"అవ్వో! గింత గొంతు లోపట వెట్టుకొని, ఇన్ని దినాలు నాకు ఉత్త పెదాలు సూపిచ్చినవానే?"