పూడ్చిన చేపల కేసు

మొన్న వనపర్తి మార్కెట్లో ఐసు పెట్టెలోని చేపను చూపించి ఇది ఎన్నాళ్ల కిందటిదని అడిగితే, అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. మన వయసువాళ్లకు చేప అంటే బుట్టలో తోక ఆడించాల్సిందే కదా! ఏమీ కొనకుండానే ఇంటికొస్తుంటే, దారంతా నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో నడిపిన ఒక కేసు గుర్తుకొచ్చింది.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. పిల్లలు చేతికందాక, నలభై దాటి వకీలునయ్యానేమో, డబ్బున్న కక్షిదారులెవరూ నా మొహం చూసేవారు కాదు; ఉచిత న్యాయసహాయం కింద వచ్చే, ఎవరికీ పట్టని కేసులే నా బల్ల మీదికి చేరేవి. అట్లా వచ్చిందే ఇదీ. వీపనగండ్ల దారిలో ఒక ఆయిల్ ట్యాంకరు చెరువు కట్ట మీది నుంచి దొర్లి, నల్లటి ఆయిలంతా నీళ్లలో కలిసి, ఆ చెరువునే నమ్ముకున్న నలభై ఇళ్లవాళ్ల చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ఏడాది తిండి పోయింది. పరిహారం ఇవ్వాల్సిన ట్యాంకరు యజమాని మాత్రం ఇదంతా కట్టుకథ, చచ్చిన చేపలేవో చూపించండి అని కూర్చున్నాడు.

చూపించడానికి ఏమున్నాయి గనక? పంచనామాకు ఎవరైనా వచ్చేలోపే మావాళ్లు ఒక్క చేప మిగల్చకుండా ఏరి, కట్ట కింద గుంత తీసి పూడ్చి, పైన పసుపు చల్లి, స్నానాలు చేసి మరీ నా దగ్గరకు వచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మీ చేతులతోనే పాతిపెట్టారు కదయ్యా అని, మా నాన్న వయసున్న చేపలవాళ్ల సంఘం పెద్దను అందరి ముందూ కడిగేశాను. ఆయన తల దించుకుని, "పిల్లలు గిట్ట ఏరుకపోయి తింటే ఎట్లమ్మా? చచ్చిన చేపను కట్ట మీద ఉంచొద్దని మా పెద్దలు చెప్పిన్రు. కోర్టు సంగతి మాకేం తెల్వదు" అన్నాడు. నాకు సిగ్గేసింది కానీ, సిగ్గుపడితే కేసు నిలవదు.

కోర్టును అడిగి, చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు కమిషనర్‌గా పంపిన వకీలు ఎదుట ఆ గుంత తవ్వించాను. పసుపు చల్లి పూడ్చినదాన్ని తిరగదోడడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. చివరికి ఆ పెద్దాయనే ముక్కుకు తువ్వాల కట్టుకుని, మట్టికి దండం పెట్టి పార అందుకున్నాడు. ముళ్లూ పొలుసులూ ఆయిల్ అంటిన మట్టీ బయటపడ్డాయి. ఆడవాళ్లు ఏడుస్తుంటే నేను మాత్రం లోలోపల కేసు గెలిచినట్టేనని సంబరపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి బాధగానే ఉంది. పరిహారం అడిగినంత రాకపోయినా, ఆ ఇళ్లవాళ్లు వలస పోకుండా చెరువులో మళ్లీ చేపపిల్లలను వదులుకున్నారు.

రెండు మూడేళ్లకు, ఒక మండువేసవిలో నీళ్లు అడుగంటి అక్కడ మళ్లీ చేపలు చచ్చాయని కబురొస్తే పోయాను. రెండు రోజుల కిందటి చేపలు కట్ట పొడుగునా అట్లాగే పడి ఉన్నాయి. కుక్కలు పీక్కుతింటున్నాయి, వాసనకు నాకు కళ్లు తిరిగాయి. ఎందుకు పూడ్చలేదని అడిగితే, "నువ్వొచ్చి చూసేదాక ఎవలూ ముట్టొద్దని చెప్పినమ్మా" అన్నాడు పెద్దాయన, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

ఎండకు చచ్చినవాటికి ఎవరి మీద కేసు వేస్తాను? కాలం మారిపోయింది, పాత పద్ధతులు పోయాయి అని మన వయసువాళ్లం తేలిగ్గా అనేస్తుంటాం. ఆ ఊళ్లో పోయినదాన్ని మాత్రం పోగొట్టింది నేనే.