ఎముకలు రెండు చోట్ల, గడి ఒక్కటే

మా వైపు పక్కటెముక విరిగిందంటే ఎట్లా పడ్డావని ఎవరూ అడగరు. ఎవరు కొట్టారని అడుగుతారు. పల్నాడులో మనిషి ఊరికే పడిపోయాడంటే నమ్మే పుణ్యాత్ములు తక్కువ మరి.

నాకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. మిరపకాయల బస్తాల మీద నంబర్లు వేసేది నేనే కాబట్టి అవి పట్టుబడ్డాయి. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే దాని ఖాతాలో వేసుకోండి.

ఎనభైల్లో సంగతి. మా ఊరు రాజుపాలేనికి దగ్గర. మా ఆయన పోయి రెండేళ్లయింది. నేనూ మా మరిదీ కలిసే సేద్యం చేసుకుంటున్నాం. ఆ రోజు కల్లంలో మిరపకాయలు బస్తాలకెత్తి ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కిస్తున్నాం. నేను కింద నుంచి నెత్తిన పెట్టి అందిస్తున్నాను, మరిది పైనుంచి లాగుతున్నాడు. ఒక బస్తా అతని చేతిలోంచి జారి నా మెడ వెనక, భుజాల మధ్య పడింది. నేను ముందుకు తూలి ట్రక్కు ఇనుప అంచుకు రొమ్ము కొట్టుకున్నాను. వెనక బస్తా, ముందు ఇనుము. మధ్యలో నేను.

మరిది అదే ట్రాక్టరులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చీటీ మీద రెండు ముక్కలు రాశాడు: పక్కటెముకలు విరిగాయి, వీపు పైభాగంలో వెన్నుపూస అణిగింది. చీటీ గుమాస్తా దగ్గరకు వెళ్లింది.

ఈ గుమాస్తా పని ఏమిటంటే, డాక్టరు రాసిన జబ్బును నంబరుగా మార్చడం. పక్కటెముకలకు ఎనిమిది సున్నా ఏడు. వెన్నుపూసకు ఎనిమిది సున్నా ఐదు. ఎట్లా తగిలిందనే దానికి ఇంకో నంబరు. ఈ నంబర్లన్నీ ఉన్న లావుపాటి పుస్తకం బీరువాలో భద్రంగా ఉండేది. దుమ్ము కూడా తాకని భద్రం. ఆయన రోజూ వాడే పది పన్నెండు నంబర్లు ఒక కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు: పాము, తేలు, పురుగుమందు, కాన్పు, కొట్లాట. పల్నాడు మొత్తం ఆ కాగితంలో సరిపోయింది.

రిజిస్టరులో ఎముకకు ఒక్కటే గడి. అందుకని వెన్నుపూసను వదిలేసి పక్కటెముకలు ఎక్కించాడు. కారణం గడిలో, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, అలవాటు కొద్దీ కొట్లాట నంబరు వేశాడు. కొట్లాట నంబరు పడితే స్టేషనుకు చీటీ పోవడం అక్కడి పద్ధతి. పోయింది.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబులు నా మంచం దగ్గరికొచ్చాడు.

"ఎవరు కొట్టారమ్మా?"

"బస్తా కొట్టింది నాయనా."

"ఎవరి బస్తా?"

"మాదే."

"ఎవరి చేతిలోంచి పడింది?"

పక్కనే నిలబడ్డ మా మరిది నోరు ఊరుకోలేదు. "నా చేతిలోంచే సార్. నా వల్లే మా వదినకి ఇట్టా అయింది" అన్నాడు. హరిశ్చంద్రుడికి తమ్ముడు. కానిస్టేబులు మొహం వెలిగిపోయింది. మొగుడు పోయిన వదినను మరిది కొట్టాడంటే అంతకంటే సులువైన కేసు ఏముంది? మరిదిని వెంటబెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నానికి మా ఊరి పార్టీ పెద్దాయన బత్తాయిలతో దిగాడు. మా ఆయన పోయినప్పుడు రాని మనిషి.

"అమ్మాయ్, మీ మరిదిని నేను బయటికి తెస్తా. అవతలి పార్టీ వాళ్లు కొట్టారని ఒక్క మాట చెప్పు, చాలు."

నా జుట్టు నిండా మిరప గింజలు. తుమ్ము వస్తే పక్కటెముకలు కత్తుల్లాగా గుచ్చుతున్నాయి. ఆ తుమ్మును ఆపుకుంటూనే అన్నాను: "చెప్తాలే అన్నా. ఈ గింజలు నెత్తిలోకి ఎట్టా వచ్చినయ్ అంటే, కొట్టినాక వాళ్లే తాలింపు పెట్టారని కూడా చెప్పనా?"

పెద్దాయన లేచాడు. పోతూ పోతూ బత్తాయిలు కూడా పట్టుకుపోయాడు.

సాయంత్రం డాక్టరు వచ్చి వీపు మీద వేలు పెడితే వార్డంతా వినపడేలా అరిచాను. ఆయన మంచానికి కట్టిన అట్ట చూశాడు. అందులో ఎనిమిది సున్నా ఏడు, దాని కింద కొట్లాట నంబరు. గుమాస్తాను పిలిపించాడు.

"వెన్నుపూస ఏదయ్యా?"

"గడి ఒకటే సార్."

"మరి ఒక ఎముకను ఇంటి దగ్గర పెట్టి రమ్మంటావా?" అని నేనే అడిగాను. "కొట్లాటని నీకెవరు చెప్పారు?"

"ఇక్కడ అందరికీ అదేగా అమ్మా."

డాక్టరు ఫోటోను కిటికీ వెలుగుకు పెట్టాడు. "పై నుంచి బరువు పడి మెడ వంగితే ఈ పూస ఇట్టా అణుగుతుంది. పక్కటెముకలు మాత్రమే చూస్తే ఎవరైనా కర్ర దెబ్బే అనుకుంటారు. ఈమె చెప్పేది నిజం. రెండోది కూడా ఎక్కించు, కారణం మార్చు."

"బరువు మీద పడ్డదానికి నంబరు ఎంతో తెలవదు సార్."

"బీరువా తాళం తెలుసుగా" అన్నాడు డాక్టరు.

తాళం దొరకడానికి ఒక పూట, పేజీ దొరకడానికి ఇంకో పూట. చివరికి రిజిస్టరు నా మంచం దగ్గరికే తెచ్చి, నేను చూస్తుండగా కొట్లాట నంబరు కొట్టేసి, పక్కన బరువు పడ్డ నంబరు వేశాడు. గడి బయట, అంచులో, చీమ తలకాయంత అంకెల్లో ఎనిమిది సున్నా ఐదు రాశాడు. నేను ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివి గానీ రిజిస్టరు వదల్లేదు. డాక్టరు సంతకంతో కొత్త చీటీ స్టేషనుకు పోయింది.

మరిది ఆ మర్నాడు వచ్చాడు. మంచం కాళ్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏంది, ఏమన్నా చేశారా?" అన్నాను.

"కొట్టలేదు వదినా. ఏ కర్రతో కొట్టావో చూపించమని మూడు కర్రలు ముందర పెట్టారు."

"నువ్వేం చేశావు?"

"మూడూ ఎత్తి చూసి, మధ్యది బాగుంది సార్, పారకి కామగా బిగించుకోను పనికొస్తది అని చెప్పా."

నాకు నవ్వొచ్చింది. రెండు నంబర్లూ ఒకేసారి నొప్పి పెట్టాయి.