బావిలోంచి కీర్తన

మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురద తోడే మోటారుకు గుడ్డపేలికలు చుట్టుకున్నప్పుడల్లా బావిలోకి దిగేది అబ్రహామే. ముక్కుకు కొబ్బరినూనె రాసుకుని, నడుముకు తాడు కట్టుకుని, చర్చి కీర్తన ఎత్తుకుంటూ నిచ్చెన దిగుతాడు. ఆదివారం చర్చిలో మాత్రం పెదవులు కదపడమే తప్ప గొంతు విప్పడు. పాట ఆగితే విషవాయువు కమ్మినట్టు లెక్క; అది ముదిరితే ముందు ముక్కే మొద్దుబారి వాసన తెలియదు. పైనున్న రాయమల్లు వెంటనే తాడు లాగాలి. వినీ వినీ రాయమల్లుకూ ఆ కీర్తన కంఠతా వచ్చింది.

“జర ఆగు తమ్మీ, ఇయ్యాల కంపు బాగ కొడ్తున్నది,” అన్నాడు రాయమల్లు ఆ పొద్దున.

“ఎన్నడు కొట్టలే అన్నా?” అంటూ దిగాడు అబ్రహాం. కాసేపటికి అడుగు నుంచి, “ఫికర్ చెయ్యకు, గీడ వాసనే లేదు,” అన్నాడు.

పాట మళ్లీ మొదలైంది. రెండో చరణం రావాల్సిన చోట మొదటిదే వచ్చింది. మళ్లీ మొదటిదే, నిద్రలో పాడుతున్నట్టు. రాయమల్లు తాడును రెండు చేతులకూ చుట్టుకున్నాడు. పాట ఇంకా ఆగలేదు.